నలభై ఒక్క ఇళ్ళు, ఒక్క జవాబు

ఏన్కూరు,
2007 డిసెంబరు 9.

చిన్నాయనకు, ముత్తక్క చిన్నమ్మకు యశోద నమస్కారాలు.

మొదట మంచి కబురు. మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాయి, పాసయ్యాను. నలభై రెండేళ్ళ వయసులో, ఆశ్రమ పాఠశాలలో రోజుకు ఆరు పీరియడ్లు సైన్సు చెప్పి, హాస్టలు డ్యూటీ చేసి, మిగిలిన పొద్దులో చదివి పాసయ్యాను. నన్ను నేనే మెచ్చుకుంటున్నాను, ఇక్కడ మెచ్చుకునేవాళ్ళు తక్కువ. మా హెడ్మాస్టరు "ఇంక చాలదా అమ్మా" అన్నారు.

చదువు పేరు మళ్ళీ రాయమన్నావు, గోపయ్య పటేలుకు చెప్పబోతే నోరు తిరగలేదని. పర్యావరణ విద్య, కమ్యూనికేషన్. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కోసమే పెట్టిన పీజీ. పుస్తకాలు పోస్టులో వస్తాయి. ఏడాదికి రెండుసార్లు హైదరాబాదు పోయి పది రోజులు క్లాసులో కూర్చోవాలి. అడవి గురించి, నీళ్ళ గురించి జనానికి ఎట్లా చెప్తే మనసుకు ఎక్కుతుందో నేర్పుతారు. నా బెంచీ మీద బ్యాంకు ఆయన ఒకడు, రేడియోలో పనిచేసే ఆమె ఒకతె, బొగ్గుబావుల దగ్గర మొక్కలు నాటించే ఆఫీసరు ఒకడు. అడవిలో పుట్టినదాన్ని నేనొక్కదాన్నే. అడవి అనగానే వాళ్ళు ఫోటోలు చూపిస్తారు, నాకు కట్టెలమోపు గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఏడు ప్రాజెక్టు చేయాలి. ఇదే నా పెద్ద పరీక్ష. మే నెలాఖరుకు ఇవ్వకపోతే రెండేళ్ళ కష్టం పోయినట్టే, ఇంకో ఏడు సెలవులు నాకు దొరకవు. ఇప్పపూలు రాలే ముందు చెట్ల కింద ఆకు కాల్చడం గురించి చేస్తున్నాను. మంట పెడితే నేల శుభ్రమై పువ్వు కనబడుతుంది, నిజమే. కానీ కింద మొలిచిన పిల్లమొక్కలు పోతాయి. మంట గుట్ట మీదికి పాకితే అడవే పోతుంది. ఈ సంగతి బొమ్మల్లో చెప్పే అట్టలు ఆరు, ఖమ్మంలో గీయించి పంపుతున్నాను.

కట్టలో నలభై ఒక్క ఫారాలు ఉన్నాయి, ఇంటికొకటి. ఒక్కోదాంట్లో ఐదు ప్రశ్నలు. బొమ్మలు చూపించకముందే ఇల్లిల్లూ తిరిగి, విడివిడిగా అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయాలి. పేర్లు రాయొద్దు. పేరు లేకుంటేనే మనిషి నిజం చెప్తాడని మా పుస్తకంలో ఉంది. పూలు అయిపోయాక మళ్ళీ అవే ప్రశ్నలు అడుగుదాం. ముందు జవాబుకూ తర్వాత జవాబుకూ మధ్య తేడా చూసి మార్కులు వేస్తారు.

నేనే రావాలి గాని, ఇక్కడ పిల్లల పరీక్షలు. అయినా నీకన్నా ఎవరు చేస్తారు. నీ పోస్టాఫీసు బల్ల కింద కూర్చుని, కవర్ల మీద ముదిగొండ, కల్లూరు, మధిర అని కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చినదాన్ని.

నీ బిడ్డ,
యశోద.

రేగులగుంపు,
2008 జనవరి 21.

బిడ్డ యశోదకు, రేగులగుంపు మాజీ బ్రాంచి పోస్టుమాస్టరు పగిడయ్య ఆశీస్సులు.

నీ కట్ట డిసెంబరు 24న అందింది. మూల చినిగి ఉంది. చందూలాల్ మంచివాడే, నా తర్వాత నా కుర్చీలో కూర్చున్నవాడు కాబట్టి చెడ్డ అనను. కానీ కట్టను బండి సీటు కింద కుక్కి తెస్తారా? నా కాలంలో అయితే దుమ్ముగూడెం దాకా పోయి నిలదీసేవాణ్ణి. ఇప్పుడు కట్టకు సూదీ దారంతో కుట్టు వేసి ఊరుకున్నాను.

నువ్వు పాసైన సంగతి ఊరంతా చెప్పాను. చదువు పేరు నాలుగుసార్లు గట్టిగా అనుకుని పోయాను కాబట్టి ఈసారి తడబడలేదు. పటేలు మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు, చెప్పాను. మన రేగులగుంపులో పీజీ దాకా పోయిన మొదటి మనిషివి నువ్వు. ఆ మాట అడగకుండానే రెండోసారి కూడా అన్నాను. వయసు వల్ల అని చెప్పాను.

నీ పని పూర్తయింది. నలభై ఒక్క ఇళ్ళకూ నా కాళ్ళ మీద నేనే పోయాను, నాలుగు రోజులు పట్టింది. విడివిడిగానే అడిగాను, చెప్పింది చెప్పినట్టే రాశాను. పేర్లు రాయలేదు. జవాబులు నువ్వే చూస్తావు, ఒక్క తప్పు లేదు. నీకు మొదటి క్లాసు రాకపోతే నన్నడుగు.

తర్వాత బొమ్మలు చూపించాను. జనం బాగా నవ్వారు. ఎందుకు నవ్వారో మీ చిన్నమ్మ రాయమంటోంది. చదువుకునేదాన్ని చిన్నబుచ్చొద్దని నేను రాయడం లేదు.

ఫారాలు రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. రశీదు నా దగ్గర ఉంది.

నీ చిన్నాయన,
పగిడయ్య.

ఏన్కూరు,
2008 ఫిబ్రవరి 6.

చిన్నాయనకు,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

ఫారాలు తీసుకుని హైదరాబాదు పోయాను. నా ప్రాజెక్టు చూసే మధులత మేడం మంచి మనిషి. ఆమె కట్టంతా రెండుసార్లు తిరగేసి, కళ్ళద్దాలు తీసి, "యశోదా, ఇవి ఒకే మనిషి ఒక పూటలో కూర్చుని నింపినట్టున్నాయి" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. బ్యాంకు ఆయన, రేడియో ఆమె పక్కనే ఉన్నారు.

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? నలభై ఒక్క ఇళ్ళు, ఐదు ప్రశ్నలు, అన్నింటికీ ఒకే జవాబు. చెట్టు కింద మంట పెడతారా అంటే నలభై ఒక్కరూ పెట్టం అన్నారు. మరి ఏటేటా గుట్ట కాలేది ఎవరి వల్ల? బొమ్మలు చూడకముందే అందరికీ అన్నీ తెలిస్తే ఇక నేను నేర్పేదేముంది, తేడా ఎక్కడి నుంచి వస్తుంది? వీటితో ప్రాజెక్టు ఒప్పుకోరు. దొంగ లెక్కలు తెచ్చిందని నా పేరు మీద ఒక మచ్చ కూడా పడుతుంది.

చిన్నాయనా, నా మీద ప్రేమతోనే చేసి ఉంటావు. నిజం చెప్పు. ఇంట్లో కూర్చుని నువ్వే నింపావా?

యశోద.

రేగులగుంపు,
2008 ఫిబ్రవరి 14.

యశోద టీచరు గారికి,

మీ ఉత్తరం 11వ తేదీన అందినది. ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో పరుల కవరు విప్పలేదు. పరుల మాట మార్చలేదు. ఇంతకన్నా రాయవలసినది లేదు.

కార్డు మీద రాస్తున్నాను. చందూలాల్ చదివినా పరవాలేదు, నేను దాచేది ఏమీ లేదు.

పగిడయ్య.

రేగులగుంపు,
2008 మార్చి 3.

ఇది ముత్తక్క చెప్పగా పగిడయ్య రాసినది. నా మాట ఇందులో ఒక్కటీ లేదు. చదువురాని వారు చెప్పిన ఉత్తరం అక్షరం మార్చకుండా రాయడం నా అలవాటు కాబట్టి రాస్తున్నాను. రాయకపోతే అన్నం పెట్టనన్నది కూడా.

యశోదా, మంచిగున్నవా బిడ్డా. నీ చిన్నాయన ఇరువై దినాల సంది మొకం మాడ్చుకొని కూసున్నడు. మాట్లాడితె కస్సుమంటుండు. నాకు ఇసుగొచ్చింది, అందుకే ఈ ఉత్తరం రాయిపిస్తున్న.

ఈయన ఇంట్ల కూసోని నింపలే. నేను నా కండ్లతోని జూసిన, నాలుగు దినాలు ఇల్లిల్లు తిరిగిండు. కానీ తిరిగేటానికి ముంగట ఏమైందో నీకు రాయలే. రాసేదేమున్నది అనుకున్నడు. నీ కట్ట వచ్చిన్నాడు గోపయ్య పటేలు ఎదురైండు. "ఏంది పగిడయ్యా గా కాయితాలు" అన్నడు. "మన యశోద పరీక్ష" అన్నడు ఈయన. పరీక్ష అన్నంక ఊరు ఊకుంటదా? పటేలు అందరిని పిలిచి కూసోవెట్టిండు. ఈయనతోని ఒక్కొక్కటి సదివిపిచ్చిండు. దేనికి ఏం జెప్తె పిల్ల పాసయితదో అడిగిండు. అందరం ఒక్క మాట అనుకున్నం. మన దిక్కు పెండ్లికైనా పండుగకైనా కూసోని ఒక్క మాట అనుకున్నంక ఇంటికో మాట ఉండది. నీకెర్క లేదా? హైద్రాబాదు పోయి మర్సినవా?

అటెన్క ఈయన ఇల్లిల్లు తిరిగి అడిగిండు. అందరు గదే మాట జెప్పిండ్రు, ఈయన గదే రాసిండు. నేను గూడ మంట పెట్టనన్న. ఇరువై ఏండ్లు ఈ చెయ్యితోని పెట్టినదాన్ని. నీ కోసమే అన్న. తప్పయితె ఊరిది, ఈ మనిషిది కాదు.

ఇగ బొమ్మల సంగతి. దాంట్ల ఆడిమనిషి కొమ్మ వంచి ఇప్పపువ్వు తెంపుతున్నది. ఇప్పపువ్వు ఎవలన్న తెంపుతరా? రాలినంక నేల మీద ఏరుతరు. గది జూసి అందరు నవ్విండ్రు. నువ్వు జూడకుండనే పంపినవా?

ఇంకొక సంగతి ఉన్నది. అది నేను జెప్ప. అది ఈయన నోటనే రావాలె. రాయవయ్యా, ఇది గూడ రాయి.

రాశాను. పగిడయ్య.

ఏన్కూరు,
2008 మార్చి 10.

చిన్నాయనకు, చిన్నమ్మకు,

తప్పు నాది. నిన్ను అడగాల్సింది ఒక మాట, నేను అన్నది ఇంకో మాట. నన్ను టీచరు గారు అన్నావు. ఆ కార్డు స్టాఫ్ రూములో చదివి, అందరి ముందరే ఏడ్చాను. ఇంకెప్పుడూ అట్లా అనొద్దు.

పుట్టిన ఊరు కదా, నాకన్నీ తెలుసనుకున్నాను. పూలు ఏరి ఏరి నడుములు పట్టేసినదాన్ని, ఆ బొమ్మ అచ్చు దుకాణం నుంచి నేరుగా కట్టలో కట్టించాను, విప్పి చూడలేదు. విడివిడిగా అడిగితే విడివిడి జవాబులు వస్తాయని పుస్తకంలో ఉంటే నమ్మాను. మన ఊళ్ళో కూర్చోకుండా ఏ మాటైనా తేలిందా ఎప్పుడైనా? ఊరు నన్ను పాస్ చేయించాలని కూర్చుంది, నేనేమో మిమ్మల్ని దొంగలన్నాను.

చిన్నమ్మ ఉత్తరం మధులత మేడానికి ఫోనులో చదివి వినిపించాను. మళ్ళీ ఒకసారి చదవమన్నారు. తర్వాత నవ్వి, "వాళ్ళు నీ ప్రశ్నలకు జవాబు చెప్పలేదమ్మా, నీకు చెప్పారు. జరిగింది జరిగినట్టు రాయి. ఆ నలభై ఒక్క ఫారాలు కూడా పెట్టు" అన్నారు. ప్రాజెక్టు నిలబడుతుందో లేదో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

ఇప్పపూల పండుగకు వస్తున్నాను, మూడు రోజులు సెలవు పెట్టాను. కాగితం ఒక్కటి కూడా తేను. చిన్నమ్మ చెప్పని సంగతి ఏదో ఉందంట, ఆరోగ్యం గురించి అయితే మాత్రం దాచొద్దు.

మీ బిడ్డ,
యశోద.

రేగులగుంపు,
2008 ఏప్రిల్ 2.

బిడ్డ యశోదకు, మాజీ బ్రాంచి పోస్టుమాస్టరు పగిడయ్య ఆశీస్సులు.

నువ్వు భద్రాచలం బస్సు ఎక్కి పోయాక ఇక్కడ జరిగింది రాస్తున్నాను, ముందు పండుగనాటి మాట ఒకటి.

పండుగనాడు నువ్వు పెద్ద ఉపన్యాసం ఇస్తావని పటేలు చాప కూడా వేయించి పెట్టాడు. నువ్వు ఆడవాళ్ళ మధ్య కింద కూర్చుని, "మంట ఎందుకు పెడతరు, నాకు చెప్పుండ్రి" అన్నావు. ఆకు కింద పువ్వు దొరకదని ఒకతె, ఆకులో పాములుంటాయని ఒకతె, వంగి ఊడ్చే ఓపిక లేదని మీ చిన్నమ్మ. నువ్వు ఒక్కరి మాటకూ అడ్డు రాలేదు. నేను మూల నిలబడి చూస్తున్నాను. ఇదేనా ఈ పిల్ల రెండేళ్ళు హైదరాబాదులో చదివింది, ఊరికే వినడమా అనుకున్నాను. కాసేపటికి ముసలి చిన్నక్క నోరు తెరిచింది, ఆమె ఇంట్లో కూడా అంతగా మాట్లాడదు. తన చిన్నప్పుడు వాళ్ళమ్మ మంట పెట్టేది కాదట, పొడుగు కర్రకు పొరక కట్టి నిలబడే ఊడ్చేదట. ఆ మాట నీ అట్టల మీద లేదు.

నువ్వు పోయిన మూడో రోజు పటేలు అందరినీ కూర్చోబెట్టాడు. ఈ ఏడు పువ్వు ఆలస్యంగా రాలుతోంది కాబట్టి ఇప్పటికి పెట్టనివాళ్ళు ఇక పెట్టొద్దని, ఎవరి చెట్టు కింద వాళ్ళు కొమ్మల నీడ పడినంత మేర ఊడ్చుకోవాలని అనుకున్నాం. డోలు కొట్టి చెప్పించాడు. నీ అట్టల్లో ఐదు మా అటక మీద ఉన్నాయి. పువ్వు తెంపే ఆమెను మాత్రం పటేలు తన గోడకు పెట్టుకున్నాడు, వచ్చినవాళ్ళకు చూపించి నవ్వడానికి.

నిన్ను వాగు అవతలి చెట్ల దాకా తిప్పాను గాని, మన చెట్ల దగ్గరికి తీసుకుపోలేదు. మోకాలు నొప్పి.

నిన్ను చూసి పటేలు నాతో ఒక మాట అన్నాడు. "ఆఫీసర్లు శానమంది వచ్చిండ్రు, మనల్ని అడిగినోళ్ళు లేరు. నీ బిడ్డ అడిగింది." నీ బిడ్డ అన్నాడు, నీ అన్న బిడ్డ అనలేదు. నేను సరిదిద్దలేదు.

నీ చిన్నాయన,
పగిడయ్య.

ఏన్కూరు,
2008 ఏప్రిల్ 25.

చిన్నాయనకు, చిన్నమ్మకు నమస్కారాలు.

మోకాలికి నూనె పంపుతున్నాను. పొద్దున, మాపున వెచ్చచేసి రాయించుకో. నువ్వు రాయించుకోవని తెలుసు, చిన్నమ్మకు చెప్పు.

రెండో విడత ఫారాలు ఈ కట్టలో ఉన్నాయి. మళ్ళీ నువ్వే తిరగాలి. ఈసారి పటేలుతో ఒక్క మాట చెప్పు. మంట పెట్టామని ఊరంతా చెప్పినా నేను ఫెయిల్ కాను. పెట్టి పెట్టలేదని చెప్తే మాత్రం ఫెయిల్ అవుతాను. అందరూ కూర్చుని ఏదైనా అనుకోవాలంటే, నిజమే చెప్పాలని అనుకోండి.

ఇంకొకటి. మన ఉత్తరాలు నా ప్రాజెక్టు పుస్తకం చివర పెట్టాలని మధులత మేడం అంటున్నారు. నా రాతకన్నా వాటిలోనే ఎక్కువ తెలుస్తోందంట. ఇవి ఇంటి ఉత్తరాలు, నీ అనుమతి లేకుండా ఇవ్వను. నీ పోస్టుకార్డు వద్దంటే అది తీసేస్తాను.

మీ బిడ్డ,
యశోద.

రేగులగుంపు,
2008 మే 12.

బిడ్డ యశోదకు,

నలభై ఒక్క ఫారాలు పంపుతున్నాను, లెక్క చూసుకో. పటేలు నీ మాట అందరికీ చెప్పాడు. మొదట ఎవరూ నమ్మలేదు. మంట పెట్టామని రాస్తే ఫారెస్టు వాళ్ళు వస్తారేమో అన్నారు. కాగితం మన యశోద కాలేజీకే పోతుంది, ఫారెస్టు వాళ్ళ దగ్గరికి పోదు, నాది పూచీ అన్నాను. ముప్పై రెండు ఇళ్ళు ఊడ్చామన్నాయి. తొమ్మిది ఇళ్ళు మంట పెట్టామన్నాయి. నేను పోయి చూసి వచ్చాను కూడా, చెప్పింది నిజం.

ఉత్తరాలు పెట్టుకో. కార్డు తీయొద్దు. రాసింది రాసిందే.

ఇక మీ చిన్నమ్మ చెప్పనన్న సంగతి. నా మోకాలికి ఏమీ కాలేదు. నూనె బాగుంది, చిన్నమ్మ వాడుకుంటోంది.

నీ ఫిబ్రవరి ఉత్తరం వచ్చిన రోజు చదివి, మడిచి, జేబులో పెట్టుకుని మన రెండు చెట్ల దగ్గరికి పోయాను. ఆకు ఎండి ఉంది. నిప్పు పెట్టాను. పువ్వు కోసం కాదు, అప్పటికి మొగ్గ కూడా సరిగా లేదు. నీ మీద కోపంతో పెట్టాను. నీ బొమ్మలను ఇల్లిల్లూ తిప్పి చూపించినవాణ్ణి నేనే. అక్కడ పోయినేడు రాలిన గింజలకు మొలిచిన పిల్లమొక్కలు ఉండేవి, మోకాలెత్తువి నాలుగు. మర్నాడు చూస్తే నల్లగా పుల్లల్లా నిలబడి ఉన్నాయి. అది నీ నాలుగో అట్ట మీద ఉన్న బొమ్మే. నువ్వు పండుగకు వస్తే ఆ చోటుకు నిన్ను తీసుకుపోవడానికి మొహం చెల్లలేదు.

పదిహేడో ఫారం మన ఇంటిది. పెట్టాను అని రాశాను. పేరు రాయొద్దన్నావు గాని నేను రాశాను. పేరు దాచి చెప్పే నిజం నాకు చేతకాదు. నన్ను చూసే మిగతా ఎనిమిది ఇళ్ళూ చెప్పాయని పటేలు అంటున్నాడు, అది నేను ఒప్పుకోను. వాళ్ళు నీ కోసమే చెప్పారు.

పగిడయ్య.

ఏన్కూరు,
2008 ఆగస్టు 17.

చిన్నాయనకు, చిన్నమ్మకు, గోపయ్య పటేలుకు, రేగులగుంపు నలభై ఒక్క ఇళ్ళకు యశోద నమస్కారాలు.

పాసయ్యాను. మొదటి క్లాసు. చిన్నాయనా, ఈ ఉత్తరం అందరినీ కూర్చోబెట్టి చదువు.

నన్ను ప్రశ్నలడగడానికి బయటి నుంచి పెద్దాయన ఒకరు వచ్చారు. పుస్తకం మూసి, "తొమ్మిది ఇళ్ళు మంట పెట్టామని చెప్పాయి, ఆఖరికి మీరు లెక్కలు నింపమన్న మనిషి కూడా పెట్టాడు. మీ ప్రాజెక్టు ఫెయిలైనట్టే కదమ్మా" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఇట్లా చెప్పాను. "సార్, జనవరిలో మా ఊరు మొత్తం నాకు మంచి జవాబు చెప్పింది. మేలో నిజం చెప్పింది. ఆ నాలుగు నెలల్లో మా ఊరూ నేనూ ఒకరి మాట ఒకరం వినడం నేర్చుకున్నాం. నేను చదివిన చదువు పేరు అదే." ఆయన మళ్ళీ పుస్తకం తెరిచి మీ ఉత్తరాలు చదవడం మొదలుపెట్టారు. చిన్నమ్మ చెప్పిన ఉత్తరం దగ్గర గట్టిగా నవ్వారు. అది ఆయన మధులత మేడానికి పైకి చదివి వినిపించారు, చిన్నమ్మ మాట ఒక్కటి కూడా మార్చకుండా.

బైండు చేయించిన పుస్తకం నీ పేరు మీద రిజిస్టరు పార్సెలు పంపుతున్నాను. సీటు కింద కుక్కొద్దని చందూలాల్‌కు ముందే చెప్పి పెట్టు.

ఒక్క సంగతి మిగిలింది. పద్ధతి ప్రకారం ఫారాల మీద పేర్లు ఉండకూడదు. బైండుకు ఇచ్చే ముందు మేడం పదిహేడో ఫారం నా ముందు పెట్టి, దీని మీద పేరుంది, కొట్టెయ్యాలి కదా అన్నారు. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు ఎవరి కాగితం మీదా ఒక్క అక్షరం మార్చలేదు మేడం, ఆయన కాగితం మీద నేను మార్చను అన్నాను. అట్లాగే ఉంచారు. నూట పన్నెండో పేజీలో ఉంది, చిన్నమ్మకు చూపించు.

నీ బిడ్డ,
యశోద.